జబ్బు పడనివారి లెక్క: మెకెండ్రిక్ గణితం

అంటువ్యాధి ప్రబలినప్పుడు అందరి దృష్టీ జబ్బు పడినవారి మీదే ఉంటుంది. ఎందరికి సోకింది, ఎందరు కోలుకున్నారు, ఎందరు మరణించారు అన్న మూడు అంకెల చుట్టూనే ప్రభుత్వ ప్రకటనలూ పత్రికల పతాక శీర్షికలూ తిరుగుతాయి. జబ్బు పడనివారి ఊసు ఆ పట్టికల్లో ఉండదు. ఉన్నా, మొత్తం జనాభాలోంచి రోగుల సంఖ్యను తీసివేస్తే మిగిలే శేషంగా మాత్రమే ఉంటుంది. సాంక్రమిక వ్యాధుల గణితశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన ఆండర్సన్ గ్రే మెకెండ్రిక్ పరిశోధనను వరుసగా పరిశీలిస్తే, ఆయన మళ్లీ మళ్లీ తిరిగి వచ్చింది సరిగ్గా ఈ శేషం దగ్గరికేనని తెలుస్తుంది. ఒక ఇంట్లో ఎవరికీ జబ్బు రాలేదంటే ఆ ఇంటిదాకా రోగకారకం చేరలేదనా, చేరినా ఇంటివాళ్లు తప్పించుకున్నారనా? ఒక మహమ్మారి ఆగిపోయిందంటే సోకడానికి ఇక ఎవరూ మిగలలేదనా, మిగిలినా వ్యాప్తి సాగలేదనా? ఈ ప్రశ్నలకు ఆయన చెప్పిన జవాబులు నేటికీ చెల్లుబాటులో ఉన్నాయి. ఆయన పేరుతో అన్నిటికంటే ఎక్కువగా ప్రచారమైన బొంబాయి ప్లేగు వక్రరేఖ మాత్రం, నిదానంగా చూస్తే, ఆయన పనిలో అన్నిటికంటే బలహీనమైన భాగం.

మెకెండ్రిక్ 1876లో ఎడిన్‌బరోలో పుట్టారు. తండ్రి శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. అంటే గణితంలో ఆయనకు వృత్తిపరమైన శిక్షణ ఏమీ లేదు. ఆయనను అటు మళ్లించినది రొనాల్డ్ రాస్ సాహచర్యం. 1901లో రాస్ మలేరియా నివారణ కోసం సియెర్రా లియోన్‌కు వెళ్లినప్పుడు మెకెండ్రిక్ ఆయన వెంట ఉన్నారు. అప్పటికే రాస్ పేరు మోగిపోతోంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, బేగంపేటలోని చిన్న ప్రయోగశాలలో, రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఆయన చూశారు. ఆ మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద చేసిన ప్రయోగాలతో దోమకాటు ద్వారానే వ్యాధి ఒకరి నుంచి మరొకరికి చేరుతుందని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

నిజానికి రాస్ తన జీవితంలో ఎక్కువ గర్వపడిన పని దోమ కడుపులోది కాదు, కాగితం మీదిది. దోమే కారణమని తేలిన తర్వాత దోమలను తగ్గిస్తే మలేరియా తగ్గుతుందా అన్న వాదం పెద్దయెత్తున నడిచింది. లాహోరు దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో 1902 నుంచి కొన్నేళ్ల పాటు కాలువలు పూడ్చి, నీటి గుంటలు తొలగించి చూశారు. ఆశించిన ఫలితం రాలేదు. దోమలను పూర్తిగా తుడిచిపెట్టడం ఎవరి తరమూ కాదు గనుక ఈ ప్రయత్నమే వృథా అని విమర్శకులు తేల్చేశారు. రాస్ దీనికి లెక్కతో జవాబిచ్చారు. ఒక రోగి నుంచి మరొకరికి మలేరియా అంటాలంటే ఒక దోమ ఆ రోగిని కుట్టాలి, పరాన్నజీవి దాని శరీరంలో ఎదిగేదాకా పది రోజులకు అటూ ఇటుగా బతికి ఉండాలి, ఆ తర్వాత ఇంకో మనిషిని కుట్టాలి. ఈ మూడింటిలో ప్రతి ఒక్కదానికీ ఉన్న అవకాశం తక్కువే; మూడింటినీ గుణిస్తే వచ్చేది మరీ తక్కువ. అందువల్ల తలసరి దోమల సంఖ్య ఒక స్థాయికి మించి ఉన్నప్పుడే ఒక రోగి స్థానంలో కనీసం ఒక కొత్త రోగి తయారవుతాడు. ఆ స్థాయికి దిగువన దోమలు ఉన్నా సరే, మలేరియా క్రమంగా అడుగంటిపోతుంది. కాబట్టి దోమలను నిర్మూలించనక్కర్లేదు, ఒక హద్దు కిందికి దించితే చాలు. 1908 నాటి మారిషస్ నివేదికలోనూ, 1911లో మలేరియా నివారణ మీద తాను రాసిన గ్రంథం రెండో కూర్పులోనూ రాస్ ఈ వాదాన్ని సమీకరణాలుగా పెట్టారు. వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్న కొద్దిమందిలో మెకెండ్రిక్ మొదటివారు. మనమిద్దరం కలిసి ఒక కొత్త శాస్త్రానికి తలుపు తెరుస్తాం, ఆ తర్వాత ఎవరైనా లోపలికి రావచ్చు అన్న అర్థంలో రాస్ ఆయనకు 1911లో ఉత్తరం కూడా రాశారు.

మెకెండ్రిక్ ఆ మాటను చాలా గట్టిగానే పట్టుకున్నారు. అదే ఏడాది ఎం. కేశవ పాయ్ అనే భారతీయ సహపరిశోధకుడితో కలిసి సూక్ష్మజీవుల వృద్ధిరేటు మీద ఒక పత్రం ప్రచురించారు. పోషక ద్రవంలో బ్యాక్టీరియా మొదట వేగంగా పెరిగి, ఆహారం తగ్గేకొద్దీ నెమ్మదించి, చివరికి ఒక స్థాయిలో నిలిచిపోతుందని ప్రయోగంతో చూపి, దానికి సమీకరణం రాశారు. ఇది బెల్జియం గణితవేత్త వెర్‌హుల్స్ట్ 1838లోనే రాసి, లోకం మరచిపోయిన లాజిస్టిక్ సమీకరణమే. అమెరికాలో పెర్ల్, రీడ్ 1920లో దాన్ని తిరిగి వెలుగులోకి తెచ్చి పేరు పొందడానికి తొమ్మిదేళ్ల ముందే ఇక్కడ ఆ పని జరిగిపోయింది. 1912లో మలేరియా అధ్యయన సంఘం పత్రికలో మహమ్మారుల ఎదుగుదల, క్షీణత గురించి, 1914లో లండన్ గణిత సంఘం పత్రికలో యాదృచ్ఛిక ప్రక్రియల గురించి రాశారు. ఆస్పత్రి డ్యూటీలు, టీకాల తయారీ, ప్రభుత్వ నివేదికల మధ్య ఇదంతా చేసిన మనిషి ఆయన.

ఆయన ఉద్యోగంలో ముఖ్యభాగం కసౌలీలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిచింది. భారతదేశంలో ఆ రకం సంస్థల్లో మొదటిది అదే, 1900లో మొదలైంది. కుక్కకాటుకు గురైనవారు దూరప్రాంతాల నుంచి రేబీస్ చికిత్స కోసం అక్కడికి వచ్చేవారు. ఇక్కడ కూడా జబ్బు పడనివారి సమస్యే ఎదురవుతుంది. చికిత్స తీసుకున్న వెయ్యి మందిలో అత్యధికులకు రేబీస్ రాలేదంటే ఆ ఘనత ఎంతవరకు టీకాది? కరిచిన కుక్కల్లో ఎన్నిటికి నిజంగా పిచ్చి ఉంది? పిచ్చికుక్క కరిచినా చికిత్స లేకుండానే ఎందరు తప్పించుకునేవారు? మెకెండ్రిక్ ఈ విషయాన్ని వదల్లేదు. తర్వాతి కాలంలో నానాజాతి సమితి ఆరోగ్య విభాగం కోసం వివిధ దేశాల పాశ్చర్ సంస్థల రేబీస్ గణాంకాలను సమీక్షించే బాధ్యత ఆయనే చాలా ఏళ్లు మోశారు.

అయితే ఈ ఆలోచన అన్నిటికంటే అందంగా పండింది ఒక చిన్న కలరా లెక్కలో. 1926లో ఎడిన్‌బరో గణిత సంఘం పత్రికలో వచ్చిన ఆయన వ్యాసంలో అది రెండు పుటలకు మించని ఉదాహరణ. భారతదేశంలోని ఒక గ్రామం. మొత్తం 223 ఇళ్లు. కలరా వచ్చి వెళ్లిన తర్వాత ఇంటింటి లెక్క ఇలా తేలింది: 168 ఇళ్లలో ఎవరికీ రాలేదు; 32 ఇళ్లలో ఒక్కొక్కరికి, 16 ఇళ్లలో ఇద్దరేసికి, 6 ఇళ్లలో ముగ్గురేసికి, ఒక ఇంట్లో నలుగురికి వచ్చింది. కలిపితే 86 మంది రోగులు. ఇంతే సమాచారం. గ్రామం పటం లేదు, రోగుల వయసులు లేవు, ఏ రోజు ఎవరికి వచ్చిందన్నది లేదు.

ఈ 86 కేసులు 223 ఇళ్ల మీద ఎటువంటి పక్షపాతం లేకుండా, కేవలం యాదృచ్ఛికంగా పడ్డాయనుకుంటే ఏ పట్టిక రావాలో పాయిజాన్ విభాజనం చెబుతుంది. ఇంటికి సగటున 0.39 కేసులు. అప్పుడు ఎవరికీ రాని ఇళ్లు 152 దాకా, ఒక్కరికి వచ్చినవి 58 దాకా, ఇద్దరికి వచ్చినవి 11, ముగ్గురికి వచ్చినవి ఒకటో రెండో ఉండాలి. నిజంగా ఉన్నవి 168, 32, 16, 6. రెంటికీ పొంతన లేదు. ఒక్క కేసు ఉన్న ఇళ్లు అంచనాలో దాదాపు సగమే ఉన్నాయి. సున్నా ఇళ్లు, ఎక్కువ కేసులున్న ఇళ్లు మాత్రం అంచనాను మించాయి. ఇటువంటి పట్టికను చూడగానే తట్టే వివరణ, ఒకరికి వస్తే ఇంట్లో మిగతావారికి అంటుకుంటోందన్నది. మెకెండ్రిక్ ఆ వివరణ దగ్గర ఆగలేదు. 168 సున్నాలూ ఒకే రకమైనవి కాకపోవచ్చునని ఆయన అనుమానించారు. కొన్ని ఇళ్లకు ప్రమాదమే చేరలేదు. కొన్ని ఇళ్లు ప్రమాదంలో ఉండి కూడా బతికి బయటపడ్డాయి. రెండూ పట్టికలో ఒకే గడిలో, ఒకే అంకె కింద కూర్చున్నాయి.

మరి వీటిని విడదీయడం ఎట్లా? ఆయన చేసిన పని సున్నా గడిని పూర్తిగా పక్కన పెట్టి, మిగిలిన నాలుగు అంకెల నుంచే ప్రమాదంలో ఉన్న ఇళ్ల సంఖ్యను రాబట్టడం. సున్నాలను ఎన్నిసార్లు కూడినా సున్నాయే గనుక, ఇంటికి ఎన్ని కేసులన్న అంకెల మొత్తంలో గానీ, వాటి వర్గాల మొత్తంలో గానీ ఆ ఇళ్ల ఉనికి ప్రభావం చూపదు. కేసుల మొత్తం 86. ప్రతి ఇంటి కేసుల సంఖ్యనూ వర్గం చేసి కూడితే 166. రెంటి తేడా 80. పాయిజాన్ విభాజనానికి ఉన్న ఒక లక్షణం ప్రకారం, మొదటి మొత్తం వర్గాన్ని ఈ తేడాతో భాగిస్తే ప్రమాదంలో ఉన్న ఇళ్ల సంఖ్య రావాలి. 86ను 86తో గుణిస్తే 7,396; దాన్ని 80తో భాగిస్తే 92 దాటుతుంది. అంటే 223 ఇళ్లలో దాదాపు 93 ఇళ్లకే కలరా ప్రమాదం చేరింది. ఆ 93 ఇళ్లకు పాయిజాన్ పట్టిక వేస్తే ఒక్క కేసు ఇళ్లు 34, రెండు కేసులవి 16, మూడువి 5, నాలుగుది 1 రావాలి. నిజ గణాంకాలు 32, 16, 6, 1. ఇంతకంటే దగ్గరి పోలిక ఆశించడం అత్యాశ. సున్నా ఇళ్లు 37 దాకా ఉండాలి. మిగిలిన 130 ఇళ్ల జోలికి కలరా అసలు వెళ్లనే లేదు.

ఇక్కడి నుంచి మెకెండ్రిక్ వేసిన అడుగు డిటెక్టివు పనిని తలపిస్తుంది. ప్రమాదంలో ఉన్న ఇళ్ల వరకు కేసులు యాదృచ్ఛికంగానే పంచుకోబడ్డాయి గనుక ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి అంటుకున్న ఆనవాలు లేదు. అందరికీ ఒకే చోటి నుంచి వచ్చి ఉండాలి. కలరా విషయంలో ఆ చోటు నీళ్లే. ఊళ్లో బావులు ఒకటికి మించి ఉండాలి, ఈ 93 ఇళ్లవాళ్లు తాగే బావి ఒక్కటే కలుషితమై ఉండాలి అని ఆయన ఊహించారు. స్థానికంగా విచారించగా అది నిజమేనని తేలిందని ఆయన ఒక్క వాక్యంలో ముగించారు. కనబడని గడిని కనబడే గడుల ద్వారా పూరించే ఈ పద్ధతిని, అర్ధశతాబ్దం తర్వాత గణాంకశాస్త్రంలో ఈఎం అల్గారిథం పేరుతో ప్రసిద్ధికెక్కిన విధానానికి తొలి నమూనాల్లో ఒకటిగా నేటి గణాంకవేత్తలు గుర్తిస్తున్నారు. ఇదే వ్యాసంలో, జనాభాను వయసుతో సహా లెక్కించే ఒక పాక్షిక అవకలన సమీకరణం కూడా ఉంది. 1959లో ఫాన్ ఫోయర్‌స్టర్ అదే సమీకరణానికి మళ్లీ చేరుకోవడంతో ఇప్పుడు అది ఇద్దరి పేర్లతోనూ చలామణీ అవుతోంది. ఒకే వ్యాసంలో ఇన్ని విత్తనాలు చల్లడం ఒక రకంగా ఆయనకు చేటు చేసిందనే చెప్పాలి. వైద్యులకు అది గణితంగా, గణితజ్ఞులకు వైద్యంగా కనిపించి ఇరువర్గాలూ చదవకుండా వదిలేశాయి.

అనారోగ్యం వల్ల 1920లో మెకెండ్రిక్ భారతదేశాన్ని విడిచి, ఎడిన్‌బరోలోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ప్రయోగశాలకు పర్యవేక్షకుడిగా చేరారు. అక్కడి రసాయన విభాగంలో విలియం ఓగిల్వీ కెర్మాక్ అనే యువ శాస్త్రవేత్త ఉన్నారు. 1924 జూన్‌లో ప్రయోగం చేస్తుండగా క్షార ద్రావణం పేలి ఎగజిమ్మడంతో కెర్మాక్ చూపు పూర్తిగా పోయింది. అప్పటికి ఆయన వయసు 26. ఆ తర్వాత సమీకరణాలన్నీ మనసులోనే నడిపించాల్సి వచ్చిన ఈ రసాయనశాస్త్రజ్ఞుడూ, గణితం సొంతంగా నేర్చుకున్న ఆ మాజీ సైనిక వైద్యుడూ కలిసి 1927లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన పత్రం నుంచే ఇవాళ్టి ఎస్‌ఐఆర్ నమూనా పుట్టింది.

మహమ్మారి ఎందుకు ఆగిపోతుందన్నది ఆ పత్రం ఎత్తుకున్న ప్రశ్న. అప్పటికి రెండు సమాధానాలు వాడుకలో ఉన్నాయి. సోకడానికి వీలున్నవారంతా అయిపోవడం వల్ల ఆగుతుందన్నది ఒకటి; రోగకారక క్రిమి తన తీవ్రతను కోల్పోవడం వల్ల ఆగుతుందన్నది రెండోది. మొదటిదానికి అడ్డొచ్చే సంగతి ఏమిటంటే, దాదాపు ప్రతి మహమ్మారి తర్వాతా జబ్బు పడనివారు బోలెడంతమంది మిగిలే ఉంటారు. రెండోదానికి సాక్ష్యం దొరకదు. కెర్మాక్, మెకెండ్రిక్ చెప్పినదేమిటంటే ఈ రెండూ అవసరం లేదు. జనాభాను మూడు వర్గాలుగా విడదీయండి: సోకే వీలున్నవారు (ఎస్), సోకినవారు (ఐ), కోలుకునో మరణించో వ్యాప్తి నుంచి తొలగినవారు (ఆర్). కొత్తగా సోకే వేగం మొదటి రెండు వర్గాల లబ్ధానికి అనులోమానుపాతంలోనూ, తొలగే వేగం సోకినవారి సంఖ్యకు అనులోమానుపాతంలోనూ ఉంటుందనుకోండి. సోకే వీలున్నవారి సంఖ్య తగ్గేకొద్దీ ఒక రోగి సగటున అంటించేవారి సంఖ్యా తగ్గుతుంది. అది ఒకటి కంటే కిందికి దిగిన క్షణం నుంచి మహమ్మారి వెనకడుగు వేస్తుంది. కట్టెలన్నీ కాలకముందే, వాటి మధ్య ఎడం పెరిగినందువల్ల మంట ఆరిపోయినట్టు, సోకే వీలున్నవారు ఇంకా మిగిలి ఉండగానే వ్యాధి ఆగిపోతుంది. మలేరియా దోమల విషయంలో రాస్ చూపిన హద్దే ఇక్కడ మనుషుల సాంద్రతకు హద్దుగా మారింది.

ఆ పత్రంలో ఈ హద్దు గురించి ఒక చక్కటి ఫలితం ఉంది. హద్దు సంఖ్య 1,000 అనుకుందాం. ఊళ్లో సోకే వీలున్నవారు 1,000 లోపు ఉంటే ఒకరిద్దరు రోగులు వచ్చినా వ్యాధి ప్రబలదు. 1,100 మంది ఉంటే ప్రబలుతుంది. అయితే హద్దు మీద ఉన్న అధికం 100 కాబట్టి, సుమారు దానికి రెట్టింపు, అంటే 200 మందికి దరిదాపుల్లో సోకి ఆగుతుంది. మిగిలేవారు 900 పైచిలుకు. అంటే మహమ్మారి హద్దుకు ఎంత పైన మొదలైతే దాదాపు అంత దిగువన ముగుస్తుంది. హద్దుకు చేరగానే ఆగిపోదు. ఎందుకంటే హద్దును తాకే వేళకు రోగుల సంఖ్య శిఖరాన ఉంటుంది, వాళ్లు కోలుకునేలోపు ఇంకా కొందరికి అంటిస్తారు. అధికం పెద్దదైతే ఈ రెట్టింపు సూత్రం పనిచేయదు. హద్దు 1,000 ఉన్న ఊళ్లో 2,000 మంది ఉంటే అసలు సమీకరణం ప్రకారం దాదాపు 1,600 మందికి సోకుతుంది, 400 మంది మిగులుతారు. ఈ తేడాను 2020లో చాలామంది చదువుకున్నవారు సైతం గమనించలేదు. ఒక రోగి ఇద్దరికి అంటించే వ్యాధిలో సగం మందికి టీకా ద్వారా రక్షణ ఉంటే వ్యాప్తి మొదలే కాదన్నది ఒక సంగతి. టీకా లేకుండా వ్యాధిని దాని దారిన వదిలేస్తే 50 శాతం దగ్గర ఆగకుండా 80 శాతం దాకా పోతుందన్నది వేరే సంగతి. సామూహిక రోగనిరోధకత అన్న ఒకే మాటతో రెంటినీ కలిపేసిన వాదనలు అప్పట్లో కొల్లలుగా వచ్చాయి.

ఇక బొంబాయి. 1896లో ఆ నగరంలో బయటపడ్డ ప్లేగు, తర్వాతి దశాబ్దాల్లో దేశవ్యాప్తంగా కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 1927 పత్రంలో కెర్మాక్, మెకెండ్రిక్ తమ సమీకరణాన్ని 1905 డిసెంబరు మధ్య నుంచి 1906 జూలై దాకా బొంబాయిలో వారం వారం నమోదైన ప్లేగు మరణాలతో పోల్చి చూశారు. గంట ఆకారంలో లేచి దిగే ఆ వక్రరేఖ శిఖరం వారానికి 890 మరణాల దగ్గర, పదిహేడో వారంలో, అంటే ఏప్రిల్ మధ్యలో ఉంటుంది. గణాంకాల చుక్కలు ఆ గీత మీద ముచ్చటగా కూర్చున్నాయి. ఈ పటం నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఎస్‌ఐఆర్ నమూనాకు తొలి విజయంగా దర్శనమిస్తుంది.

విజయమేనా అన్నది చూడాలి. వక్రరేఖ కింది మొత్తం వైశాల్యం లెక్కిస్తే దాదాపు 8,900 మరణాలు వస్తాయి. అప్పటి బొంబాయి జనాభా పది లక్షలకు చేరువలో ఉంది. పది లక్షల్లో 8,900 మందిని మాత్రమే తాకి ప్లేగు ఎందుకు ఆగింది? నమూనా ప్రకారం, సోకే వీలున్నవారు హద్దు కిందికి దిగినందువల్ల. అయితే ఆ వీలున్నవారు ఎందరు? ఒక రోగి వారం రోజుల పాటు వ్యాధిని అంటించగలడనుకుంటే, ఇదే వక్రరేఖ రావడానికి మొదట్లో సోకే వీలున్నవారు సుమారు 22,000 మంది ఉండాలి. అంటించే కాలం అందులో సగమే అనుకుంటే 32,000 మంది ఉండాలి. రెండు సందర్భాల్లోనూ గీత ఒక్కటే, ఇసుమంతైనా తేడా ఉండదు. మూడు అంకెలతో తేలిపోయే గంట ఆకారపు వక్రరేఖ నుంచి నాలుగు తెలియని రాశులను రాబట్టడం సాధ్యం కాదు. పైగా 22,000 అయినా 32,000 అయినా, పది లక్షల నగరంలో తక్కినవారందరికీ ప్లేగు సోకే వీలే లేదని చెప్పవలసి వస్తుంది. దానికి ఏ ఆధారమూ లేదు.

అసలు కారణం వేరే చోట ఉంది. ప్లేగు ప్రధానంగా ఎలుకల వ్యాధి. ఎలుక చనిపోయాక దాని మీది ఫ్లీ అనే రెక్కలు లేని, రక్తం పీల్చే చిన్న పురుగులు మనుషులను కుట్టడం వల్ల మనిషికి వస్తుంది. 1898లో కరాచీలో పాల్ లూయీ సైమండ్ ఈ సంగతిని ప్రతిపాదిస్తే, తర్వాత భారత ప్లేగు పరిశోధన సంఘం ధ్రువపరిచింది. ఆ పురుగుల మనుగడ వేడి మీద, గాలిలోని తేమ మీద ఆధారపడుతుంది. అందుకే బొంబాయిలో ప్లేగు ఏటా చలికాలంలో లేచి, వేసవి ముదిరేసరికి దిగిపోయి, మరుసటి ఏడు అదే రుతువులో మళ్లీ వచ్చేది. సోకే వీలున్నవారు తగ్గిపోయినందువల్లే 1906 వేసవిలో ఆగిందన్న వివరణ నిజమైతే, కొద్ది నెలల్లోనే మళ్లీ అంతమంది ఎక్కడి నుంచి పుట్టుకొచ్చారో చెప్పాలి. ఇటీవలి దశాబ్దాల్లో ఫ్రెంచి గణితవేత్త నికొలా బకాయెర్ ఈ గణాంకాలను మళ్లీ తీసుకుని, రుతుప్రభావం లేకుండా ఆ మహమ్మారిని వివరించడం కుదరదని వివరంగా చూపారు. అంటే పాఠ్యపుస్తకాల్లోని ఆ పటంలో గీతకూ చుక్కలకూ మధ్య ఉన్న సాన్నిహిత్యం, గీత వెనకున్న కారణం సరైనదని రుజువు చేయదు. లేచి దిగే ప్రక్రియలు చాలా ఉంటాయి, వాటన్నిటి మీదా గంట ఆకారపు గీత కూర్చుంటుంది.

న్యాయంగా చెప్పాలంటే, ఈ అభ్యంతరాలు ఆ ఇద్దరికీ తెలియనివి కావు. మనుషుల ప్లేగు ఎలుకల ప్లేగుకు ప్రతిబింబం మాత్రమేననీ, తమ ఊహల్లో ఏదీ ఖచ్చితంగా నెరవేరదనీ, ఈ పోలిక చాలా స్థూలమైనదనీ, దీని నుంచి స్థిరరాశుల విలువలు లెక్కగట్టరాదనీ పటం పక్కనే స్పష్టంగా రాశారు. పటాన్ని ఎత్తిరాసుకున్న తరాలు ఆ వాక్యాలను ఎత్తిరాసుకోలేదు. అంతకంటే పెద్ద అన్యాయం ఇంకొకటి జరిగింది. ఆ పత్రంలోని ప్రధాన నమూనా నిజానికి స్థిరమైన రేట్లున్న ఎస్‌ఐఆర్ కాదు. సోకిన తర్వాత ఎన్ని రోజులు గడిచాయన్న దాన్ని బట్టి రోగి అంటించే శక్తి మారుతుందన్న సాధారణ సిద్ధాంతాన్ని వారు సమాకలన సమీకరణంగా రాశారు. సోకిన తొలి రోజుల్లో తక్కువగా, మధ్యలో ఎక్కువగా, ఆపైన మళ్లీ తక్కువగా ఉండే నిజ పరిస్థితికి అది చక్కగా సరిపోతుంది. స్థిరమైన రేట్లను అందులో ఒక ప్రత్యేక సందర్భంగా, చేతితో సాధించడానికి వీలైనది గనుక చేర్చారు. లోకం ప్రత్యేక సందర్భాన్ని ఉంచుకుని సిద్ధాంతాన్ని వదిలేసింది. హద్దు మాత్రం రెంటిలోనూ ఉంది, అది రేట్లు స్థిరంగా ఉండడం మీద ఆధారపడదు. బొంబాయి గీత చెరిగిపోయినా హద్దు నిలబడడానికి కారణం ఇదే.

1932లోనూ 1933లోనూ ఇదే సిద్ధాంతానికి రెండు భాగాలు కొనసాగింపుగా వచ్చాయి. కొత్తగా పుట్టేవారు, రోగనిరోధకత కోల్పోయేవారు ఉన్నప్పుడు వ్యాధి ఎలా స్థిరంగా పాతుకుపోతుందన్నది వాటి విషయం. మెకెండ్రిక్ 1943లో మరణించారు. మలేరియా మీద జార్జ్ మెక్‌డొనాల్డ్ 1950ల్లో రాస్ పనిని ముందుకు తీసుకువెళ్లి, ఒక రోగి సగటున ఎందరికి అంటించగలడన్న రాశిని ప్రధానంగా నిలబెట్టారు. ఇప్పుడు ఆర్‌నాట్ అంటున్నది అదే. 1970ల చివర రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే వంటివారు ఈ మొత్తాన్ని ప్రజారోగ్య నిపుణుల చేతికి అందించిన తర్వాతే టీకాల కార్యక్రమాల్లో ఎంత శాతం మందికి టీకా అందాలన్న ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పడం మామూలైంది. తట్టుకు ఆర్‌నాట్ సాధారణంగా 12 నుంచి 18 దాకా ఉంటుందని చెబుతారు; అందుకే 92 నుంచి 95 శాతం మందికి రక్షణ ఉంటే గాని అది ఆగదు.

హద్దు ఎంతో తెలిసినా, జనాభా దానికి ఏ పక్కన ఉందో తెలియాలంటే ఇప్పటికే సోకినవారు ఎందరో తెలియాలి. ఇక్కడ మళ్లీ 223 ఇళ్ల గ్రామపు సమస్యే ఎదురవుతుంది: రోగుల పట్టికలో పేరు లేనంత మాత్రాన సోకలేదని అర్థం కాదు. కోవిడ్ కాలంలో ఈ ఇబ్బంది విశ్వరూపం చూపింది. లక్షణాలు లేనివారు, పరీక్ష చేయించుకోనివారు, పరీక్ష దొరకనివారు అందరూ ఒకే సున్నా గడిలో చేరారు. భారత వైద్య పరిశోధన మండలి 2020 మే, జూన్ నెలల్లో దేశవ్యాప్తంగా రక్త నమూనాలు తీసుకుని యాంటీబాడీలు వెతికినప్పుడు పెద్దవారిలో 0.73 శాతం మందికి అప్పటికే వైరస్ సోకినట్టు తేలింది. చూడడానికి చిన్న అంకె. దేశంలోని పెద్దవారి జనాభాకు వర్తింపజేస్తే అది 60 లక్షలు దాటుతుంది. అధికారికంగా నమోదైన కేసులు అందులో చిన్న భాగం మాత్రమే. 2021 జూన్, జూలైలలో జరిగిన నాలుగో సర్వేలో ఆ శాతం 67.6కు చేరింది, అందులో టీకా వల్ల యాంటీబాడీలు వచ్చినవారూ కలిసే ఉన్నారు.

మెకెండ్రిక్ పేపరు మీద చేసిన విభజనను రక్తపరీక్ష నేరుగా చేస్తుందని అనిపించవచ్చు. అంత తేలిక కాదు. యాంటీబాడీలు నెలల వ్యవధిలో తగ్గుతాయి, కొందరిలో పరీక్షకు అందనంత తగ్గుతాయి. అందువల్ల పరీక్షలో ప్రతికూలంగా తేలినవారిలో వైరస్ తాకనివారు, తాకినా గుర్తులు చెరిగిపోయినవారు మళ్లీ ఒకే గడిలో కలిసిపోతారు. వీరిని విడదీయడానికి, యాంటీబాడీలు ఏ వేగంతో తగ్గుతాయో సోకిన తేదీ నుంచి గడిచిన కాలాన్ని బట్టి లెక్కగట్టాల్సి వస్తోంది. 1927 పత్రంలో అందరూ పక్కన పెట్టేసిన సాధారణ సమీకరణంలోని ప్రధాన చలరాశి కూడా సరిగ్గా అదే, సోకినప్పటి నుంచి గడిచిన కాలం.